ఆఖరి గెడ ఆడేదాకా

మా చోడవరం చుట్టుపక్కల కాలవ నీటిని ఎలా పంచుకుంటారో నన్నూ అలాగే పంచుకున్నారు. వంతు ప్రకారం. ఇన్నాళ్ళు ఈ చేనుకి, ఇన్నాళ్ళు ఆ చేనుకి. ఎటు మళ్ళించినా నీరు ఏడవదు, నేను ఏడ్చేదాన్ని. తేడా అంతే.

ఇది యాభైల నాటి మాట. విడాకులకి కొత్త చట్టం వస్తోందనో వచ్చేసిందనో పేపరు చదివేవాళ్ళు అనుకునేవారట. మా చెరకు రైతుల ఇళ్ళలో మాత్రం ఆ పని ఎప్పటినుంచో పెద్దమనుషులే చేసిపెట్టేవారు. మా అమ్మకీ మామ్మకీ, అంటే నాన్నని కన్నతల్లికీ, మొదటినుంచీ పడలేదు. నా తరవాతి కాన్పు పురిట్లోనే పోయాక ఆ పోరు ముదిరిపోయింది. నాన్న ఎవరి పక్షానా మాట్లాడేవాడు కాదు. నోరున్నవాళ్ళిద్దరి మధ్య నోరు లేనివాడు ఒకడుంటే తగువు తీరదు, ముదురుతుంది. ఒకరోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని రావికమతం అవతలున్న పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ మరుసటేడు సంగతి పెద్దల ముందుకొచ్చింది.

మా కళ్ళంలోనే చాపలు పరిచి కూర్చున్నారు. అమ్మ చేతికో కొస, నాన్న చేతికో కొస ఇచ్చి గడ్డిపరకని లాగించారు. అది తెగింది, దాంతో పెళ్ళీ తెగింది. పెళ్ళి మాత్రం ఊరంతా చెప్పుకునేలా చేశారట. ఇది ఒక చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదు. ఆ తరవాత నా సంగతి ఎత్తారు. పెద్ద తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"గానుగ కట్టిన కాడ్నుంచి ఆకరి గెడ ఆడేదాకా పిల్ల తండ్రి కాడుంటాది. ఆ మీదట మళ్ళీ గానుగ కట్టేదాకా తల్లి కాడ. తల్లి మారుమనువెల్తే మాత్రం పిల్ల ఇంక తండ్రిదే. ఇద్దరికీ సమ్మతమేనేటి?"

మారుమనువంటే విడిపోయిన ఆడది మళ్ళీ ఒకరింటికి వెళ్ళడం. మాలో అదేం తప్పు కాదు. కాని మొదటింటి బిడ్డని వెంటబెట్టుకుని వెళ్ళే ఆనవాయితీ లేదు. బిడ్డ కావాలంటే మనువు వద్దనుకోవాలి, మనువు కావాలంటే బిడ్డని వదులుకోవాలి. అమ్మకి అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. తల వంచుకుని సమ్మతమే అంది.

ఆ తీర్పుని ఊరంతా మెచ్చుకుంది. నిజానికి మెచ్చుకోదగ్గదే. బెల్లం వండే రోజుల్లో పిల్ల తండ్రింట్లో కడుపునిండా తీపి తింటుంది, మిగతా ఏడాది తల్లి ఒళ్ళో ఉంటుంది. చదువురాని పెద్దలకి నెలలూ తారీకులూ కుదరవు గనక, గానుగ కట్టింది మొదలు చేలో ఆఖరి చెరకు గెడ రసం తీసేదాకా అని పంటనే గడువు పెట్టారు. వాళ్ళు చేసిన పొరపాటు ఒక్కటే, అది రైతులు మాత్రమే చెయ్యగల పొరపాటు. పండిన చెరకుని నరక్కుండా ఉంచే రైతు ఒకడుంటాడని వాళ్ళ బుర్రకి తట్టలేదు.

మొదటి రెండేళ్ళూ సవ్యంగానే జరిగింది. ఒకరి గడప ఒకరు తొక్కకూడదని పంతం గనక నన్ను చోడవరం సంతలో చేతులు మార్చేవారు. మేకని మార్చినట్టే. గాజుల దుకాణం పక్కన మా మేనమామ నిలబడేవాడు, నాన్న నన్ను తీసుకెళ్ళి ఆయన పక్కన నిలబెట్టేవాడు. ఇద్దరూ ఈ ఏడు వానలెలా ఉన్నాయని మాట్లాడుకునేవారు. నా గురించి ఒక్క మాటా ఉండేది కాదు. మామయ్య మాడుగుల హల్వా పొట్లం నా చేతిలో పెట్టేవాడు. ఏడుపుకి అడ్డంగా తీపి పెట్టడం రెండు వైపులవాళ్ళకీ బాగా తెలుసు.

ఏ ఇంటికెళ్ళినా సోదా మొదలయ్యేది. మామ్మ నాకు నూనె రాసి నలుగు పెడుతూ అడిగేది.

"మీ యమ్మ నిన్ను కొట్టిందేటే?"

"నేదు."

"ఒట్టు? నిజం సెప్పు. ఒక్క దెబ్బైనా ఎయ్యలేదేటి?"

ఏ తల్లయినా ఏడాదిలో ఒక దెబ్బైనా వెయ్యకుండా ఉంటుందా? వేసింది అనేదాన్ని. "ఓలమ్మో, నా బంగారు గుంటనీ!" అని మామ్మ శోకం పెట్టేది. ఆ పూట నాకు ఇంకో గరిటెడు నెయ్యి పడేది. సాయంత్రానికి ఆ ఒక్క దెబ్బ చీపురుకట్ట దెబ్బలై వీధంతా తిరిగేది. అటువైపు మాత్రం తక్కువ తిన్నారా? మామయ్య పెళ్ళాం నా జడ విప్పుతూ "మీ మామ్మ సద్ది కూడే పెట్టిందా?" అని అడిగేది. పెట్టింది అంటే అక్కడా ముద్దులే. ఏ ఎండకా గొడుగు పట్టడం ఆ వయసుకే నాకు వచ్చేసింది. నేను అబద్ధాలాడుతున్నానని నాకు తెలియదు. అడిగినవాళ్ళకి ఏం కావాలో అది ఇస్తున్నాను అనుకున్నాను. పిల్లల్ని అందుకే ఏమీ అడగకూడదు అని ఇప్పుడు నా అభిప్రాయం. ఎవరూ వినరనుకోండి.

అమ్మ మాత్రం అడిగేది కాదు. నేను అక్కడినుంచి రాగానే నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. "బొద్దుగా అయ్యేవు" అనేది, అంతే. ఆమె అడగనందుకు ఆమెకి నా మీద అక్కర లేదని మామ్మ చెప్తే నమ్మేశాను. పిల్లలకి అక్కర అంటే చప్పుడు చెయ్యాలి.

నాన్నదీ చప్పుడు లేని రకమే, కాని ఆయన దగ్గర బెల్లం పెనం ఉంది. గానుగ దగ్గర ఎద్దులు తిరుగుతుంటే రసం కుండలోకి పడేది. ఆ రసం పెనంలో పోసి చెరకు పిప్పితోనే మంట పెట్టేవారు. పాకం ముదిరే వేళకి నాన్న నన్ను పిలిచి, చెరకు ముక్కని పాకంలో ముంచి చన్నీళ్ళలో తిప్పి చేతికిచ్చేవాడు. అది పళ్ళకి అంటుకుని తీగలా సాగేది. నేను తింటుంటే ఆయన మొహంలో ఒక నవ్వుండేది. ఆ నవ్వు ఇంకెక్కడా చూడలేదు నేను. నేను వెళ్ళే రోజు దగ్గరపడేకొద్దీ ఆయన పొయ్యి దగ్గరే కూర్చుని చుట్టలు కాల్చేవాడు, అన్నానికి పిలిచినా వచ్చేవాడు కాదు.

మూడో ఏడు ఉగాది అయిపోయింది. ఊళ్ళో అందరి గానుగలూ ఆగిపోయాయి. మాకు మాత్రం కాలవ పక్కనున్న మడి నరక్కుండా ఉండిపోయింది. మొదట తీరిక లేదన్నాడు నాన్న. తరవాత ఎడ్లకి బాగా లేదన్నాడు. దారినపోయేవాళ్ళు ఊరుకోరు కదా.

"ఏటి బావా, ఆ మడి దేవుడికొగ్గేసేవేటి?"

నాన్న చుట్ట ముట్టించుకునేవాడు. చెరకు పూతకొచ్చింది. ఆకు ఎండి గలగలమంటోంది. లోపల గెడ బెండు పడుతుందనీ, ఆ రసం పాకానికి రాదనీ ఆయనకి తెలియక కాదు, ఊళ్ళో అందరికంటే బాగా తెలుసు. మామయ్య వచ్చి అడిగితే వీధరుగు మీదే నిలబెట్టి మామ్మ చేను వైపు చెయ్యి చూపించింది.

"ఇంకా గెడుంది కదా. ఆడేక పంపుతాం."

మామయ్య తలపాగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాడట. ఆయన తల గోక్కుని "మాట మాటే నాయనా. ఆకరి గెడ ఆడలేదు కదా, నేనేటి సెయ్యను?" అన్నాడట. తన మాటకి తనే కట్టుబడిపోయిన మనిషి.

నాకు చాలా గర్వంగా ఉండేది. నాన్న నా కోసం ఒక మడి చెరకు ఎండబెట్టుకుంటున్నాడని తోటి పిల్లలతో గొప్పలు చెప్పుకున్నాను. అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా మామ్మ దగ్గర మందు సిద్ధంగా ఉండేది. "మీ యమ్మకి మనువు కుదిరిందంట. కోటపాడు అవతల ఎవుడో పెళ్ళాం పోయినోడు. నువ్వుంటే అడ్డం కదేటి? అందుకే నిన్ను తీసికెల్డానికి ఆల్లే తొందరపడ్డంలేదు." నేను నమ్మాను. సంబంధం వచ్చిన మాట నిజమే. అమ్మ దాన్ని కాలదన్నిందనీ, వారం వారం సంతకొచ్చి గాజుల దుకాణం పక్కన ఎండలో నిలబడి వెళ్ళేదనీ అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో నన్ను సంత ఛాయలకి పోనివ్వలేదు.

ఒకనాడు పొద్దున్న గంజి తాగే వేళ, వీధిలో కేకలు. మా చేలో ఎవరో చెరకు నరికేస్తున్నారని. మామ్మ నా రెక్క పుచ్చుకుని పరుగు.

కాలవ గట్టు ఎక్కి చూస్తే అమ్మ. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కొంగు నడుముకి బిగించి, చెరకు కత్తితో మొదళ్ళు నరుకుతోంది. మడిలో ఒక మూల అప్పటికే ఖాళీ అయిపోయింది. ఆమె ఆ ఇంటి కోడలిగా ఉన్న నాళ్ళు అందరికంటే ముందు ఆమె వరసే తెగేదని చెప్పుకునేవారు. గెడకి ఒక్క దెబ్బ, చివరి ఆకు మీద ఒక్క దెబ్బ, పక్కన పడెయ్యడం. ఎవరి వైపూ చూడటం లేదు. ఆఖరి గెడ ఆడాలన్నారు కదా, ఆడకపోతే నేనే ఆడిస్తానని వచ్చింది.

నాన్న గట్టు మీదే ఉన్నాడు. ఎంతసేపయిందో మరి. మేం వచ్చేసరికి తలగుడ్డ తీసి నడుముకి చుట్టుకుంటున్నాడు. మడిలోకి దిగాడు. అమ్మ నరికి పడేసిన గెడలు ఏరి కట్ట కట్టడం మొదలుపెట్టాడు. ఆమె నరుకుతోంది, ఆయన కడుతున్నాడు. గట్టు మీద జనం పోగయ్యారు. ఒక కట్ట భుజానికెత్తుకుని నాన్న పాలేరుని కేకేశాడు.

"ఎడ్లు తోలుకురా. గానుగ కట్టు."

అంతటితో అయిపోవాలి. నా జీవితంలో పెద్దవాళ్ళిద్దరూ ఒక పని కలిసి చెయ్యడం చూసింది ఆ కాసేపే. కాని మామ్మ నా వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. "అడగవే! మన సేలో పడ్డానికి అదెవుత్తో అడుగు! నీ కూడు నేలపాలు సేత్తంది!"

నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. నన్ను వదిలేసి ఎవడినో మనువాడబోయే మనిషి, నాన్న నా కోసం దాచిన చెరకుని నరికేస్తోంది. నాకు అలాగే కనపడింది. గట్టు మీదనుంచి అరిచాను.

"మా సేలో సెరకు నరకడానికి నువ్వెవుత్తివే?"

కత్తి ఆగిపోయింది. అమ్మ నిటారుగా నిలబడి నా వైపు చూసింది. చెరకు ఆకు గీరిన గీతలు చేతుల మీదా చెంపల మీదా ఎర్రగా ఉన్నాయి. ఏదో అంటుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె కత్తిని మొదళ్ళ మధ్య నేలలో గుచ్చి, కొంగు విప్పి మొహం తుడుచుకుంది.

"నీ సేనే తల్లీ" అంది. "నీ సేనే."

కుచ్చెళ్ళు దించుకుని గట్టు మీదుగా రోడ్డు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. నాన్న భుజం మీద కట్ట అలాగే ఉంది. ఎడ్లు వచ్చాయి గాని వాటిని ఎవరూ గానుగకి కట్టలేదు. నరికిన చెరకు మడిలోనే పడి ఎండిపోయింది. మిగిలినదాన్ని ఆ వారంలోనే నాన్న మనుషుల్ని పెట్టి నరికించి పశువులకి వేసేశాడు.

తరవాతి సంత రోజున, మామ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా, నాన్న నా తల తనే దువ్వాడు. ఆయన దువ్వితే పాపిడి వంకరపోయింది. గాజుల దుకాణం పక్కన నన్ను కూర్చోబెట్టి పొద్దువాలేదాకా రావికమతం దారి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. మరుసటి సంతకీ వెళ్ళాం. ఆ పైవారం మామయ్య ఒక్కడే వచ్చాడు. ఈసారి చేతిలో హల్వా పొట్లం లేదు.

"మనువు ఖాయం సేసేం బావా. మొన్నే ఎల్లిపోయింది" అన్నాడు. "పిల్లే నువ్వెవుత్తివని అడిగినాక ఇంకేటుంటదన్నయ్యా అంది. ఇంక మేం అడ్డుపడ్లేదు."

నాన్న నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. అలాగే ఇంటిదారి పట్టాడు. దారి పొడవునా ఆయన ఏడుస్తూనే నడిచాడు, దారినపోయేవాళ్ళు చూస్తున్నారని కూడా లేదు. నేను ఏడవలేదు. ఇంక నన్ను సంతలో ఎవరూ మార్చరు కదా అని నాకు ఆ రోజు కొంత తేలిగ్గా ఉంది. ఆ తేలికని తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మామ్మ మాత్రం పొంగలి వండింది.

ఎవరిని అనాలి? మామ్మని అందాం అంటే, కొడుకు కాపురం పోగా మిగిలిన ఒక్క మనవరాలినీ గుప్పెట్లో పెట్టుకోవాలనుకున్న ముసలిది. నాన్నని అందాం అంటే ఆయన చేసిన తప్పంతా నన్ను వదల్లేకపోవడం. తిలాపాపం తలా పిడికెడు. ఆ పిడికెళ్ళన్నీ చివరికి అమ్మ నెత్తిన పడ్డాయి. నేను మామ్మ మాటలు మోసుకుంటూ పెరిగాను. అమ్మ ఊసెత్తితే చిరాకు పడేదాన్ని. నా పెళ్ళికి కబురు పంపుదామా అని నాన్న మెల్లిగా అడిగితే వద్దన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. అడిగుంటే ఒప్పుకునేదాన్నేమో.

మామ్మ పోయాక, నాకూ ఒక కూతురు పుట్టాక, నా బుర్రలో ఆవిడ వేసిన ముళ్ళు మెల్లిగా ఒక్కొక్కటే వదులయ్యాయి. నా పిల్లకి చెంప మీద ఒకటి వేసిన రోజున ఎందుకో కూలబడి ఏడ్చాను. ఆ నెలలోనే పిల్లని ఎత్తుకుని కోటపాడు బస్సెక్కాను. ఆ ఊళ్ళో దారి అడుగుతుంటే, ఆవిడ మీకేమవుతుందని ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అమ్మ పెరట్లో పిడకలు ఏరుతోంది. జుట్టు ముందంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టింది, పట్టినట్టు పైకి తేలనివ్వలేదు. "రామ్మా, కూకో" అని పీట వేసింది. చేతులు కడుక్కుని పిల్లని తీసుకుంది. పిల్ల కొత్త చేతుల్లో గుక్కపట్టి ఏడ్చింది. "కొత్త కదా" అని తిరిగిచ్చేసింది. ఇద్దరు మగపిల్లలున్నారట, చేనుకెళ్ళారట. మా నాన్న ఆరోగ్యం అడిగింది. పప్పు వండి, వద్దన్నా అన్నం కొసరి కొసరి వడ్డించింది. చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది నన్ను. అది భరించలేకపోయాను. రెండు తిట్టినా బాగుండేది.

తింటూ తింటూ ఆగిపోయి, "అమ్మా, ఆ రోజు సేలో..." అన్నాను.

"ఆ మాట నీది కాదే" అంది వెంటనే, ఇన్నేళ్ళూ ఆ జవాబు నోట్లో పెట్టుకునే ఉన్నట్టు. "నీకు నేర్పితే అన్నావు. నాకెరికే."

మెత్తబడాల్సిన నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎరికైతే మరెందుకెల్లిపోయేవు? పసిదాన్ని. నన్నొగ్గేసి ఎలా ఎల్లిపోయేవు?"

అమ్మ పిల్ల వంక చూసింది. "నాకూ కోపమొచ్చిందే" అంది. "కన్నదాన్నైతే మాత్రం కోపం రాదేటి? అంతమందిలో అలా అనేసింది, రానీ, అదే పరిగెట్టుకొస్తాది, అనుకున్నాను. గట్టు దిగి రోడ్డెక్కేదాకా మెల్లిగానే నడిసేను. అమ్మా అని ఒక్క కేకేస్తే ఆగిపోదామని. నువ్వు పిలవలేదు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ రోజు మామ్మ నన్ను ఇంటికి లాక్కుపోతుంటే నేను గట్టు మీదే చతికిలబడిపోయాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

"నేనూ అక్కడే ఉన్నానమ్మా" అన్నాను. "నువ్వు కనపడకుండా పోయేదాకా సూస్తనే ఉన్నాను. ఒక్కసారి ఎనక్కి తిరిగి సూస్తావని."

అమ్మ గరిటె పక్కన పెట్టింది.

"తిరిగుంటే?" అని అడిగింది.

"వచ్చేసుందును" అన్నాను.